గూట్లో గొంతు

వెల్డింగ్ షాపు మీద గది

నువ్వు చెప్పిన చెరువు లేదు. అబద్ధం చెప్పి నన్ను ఈ ఊరికి తోలావు బాబాయ్.

"ఒప్పుకో పిడుగూ, ఊరి చివర పెద్ద చెరువుంది, నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చుంటాయి, ఆదివారం వచ్చిందంటే నీ ఇష్టం" అన్నావు. నమ్మాను. నువ్విచ్చిన పాత బైనాక్యులర్ మెళ్ళో వేసుకుని బస్సులు మారి మారి పోయాను. అక్కడ బస్సుల షెడ్డు ఉంది. చెరువెక్కడండీ అని వాచ్‌మన్‌ని అడిగాను. "దాని మీదే నించున్నావు తల్లీ" అన్నాడు. పైగా నవ్వాడు.

ఫోన్‌లో పచ్చగా కనిపించిన చోటికల్లా తిరిగాను. ఒకటి డబ్బున్నవాళ్ళు బంతి కొట్టుకునే మైదానం. గేటు దగ్గరే నా చెప్పులు చూసి ఆపేశారు. ఇంకోటి మేడ మీద పరిచిన ప్లాస్టిక్ గడ్డి. దాని మీద వాలితే పిట్ట కూడా సిగ్గుపడుతుంది. నా గదికి ఒకటే కిటికీ. తెరిస్తే పక్కింటి గోడ, మూస్తే కింద ఇనుము కోస్తున్న చప్పుడు.

వారమంతా తాడుకి వేలాడి, ఎవరి చూరుకో ఎవరి కిటికీకో వల కట్టి, పిట్టల్ని రానివ్వకుండా చేసేది నేను. ఆదివారమైనా అవి ఉన్న చోటికి పోయి కళ్ళారా చూసుకోకపోతే ఈ పని నా వల్ల కాదు. ఇది నీకు ముందే చెప్పాను. తాడెక్కడం నేర్పింది నువ్వు, పిట్టల పేర్లు నేర్పింది నువ్వు. రెండిట్లో ఒకటే ఉన్న ఊరికి పంపడానికి నీకు మనసెలా వచ్చింది?

సామాను వ్యాను డ్రైవరు చేత ఇది పంపుతున్నాను. ఫోన్ చేస్తే వీధంతా వింటుంది, నువ్వు తప్ప. మెసేజీ పెడితే పిన్ని చదివి, తిట్లన్నీ ఏరేసి నీకు చెప్తుంది. తిరుగు వ్యానులో జవాబు రావాలి.

పిడుగు

* * *

ఆఫీసు, మెట్ల కింద బల్ల

పిడుగుకి,

తిట్లు చేరాయి. పిన్ని చేతికి చిక్కకముందే చదువుకున్నాను, ఒక్కటీ పోలేదు.

నేనా ఊళ్ళో తాడెక్కిన రోజుల్లో నువ్వు ఇంకా పాకుతున్నావు. చెరువు పూడ్చేటప్పుడు నాకెవరూ కబురు పెట్టలేదే. సరే, తప్పు నాదే అనుకో. కోపం పక్కన పెట్టి విను.

కొత్త ఊళ్ళో పిట్టలెక్కడున్నాయని అడక్కూడదు. అడిగితే జనం పార్కు చూపిస్తారు. పార్కులో బెంచీలుంటాయి. పిట్టలతో విసిగిపోయినవాళ్ళు ఎవరో కనుక్కో, సరిగ్గా చెప్పేది వాళ్ళే. ముందు కార్లు కడిగే చోటికి పో. ఏ వీధిలో ఆగిన కార్లు తెల్ల మరకలతో వస్తాయో ఆ మనిషికి తెలుస్తుంది. మరక బారుగా, పలచగా జారితే కొంగలు. చుక్కలు చుక్కలుగా గట్టిపడితే పావురాలు, వాటి కోసం పోనక్కర్లేదు. తర్వాత చేపల మార్కెట్ వెనక కాలవ. ఆ తర్వాత ఊరి మురుగు ఎక్కడికెళ్ళి తేలుతుందో చూడు. ముక్కు మూసుకో, కళ్ళు మూసుకోకు. ఎండా వానా లేని పూట ఎవరైనా నెత్తి కాచుకుంటూ కనిపిస్తే, నువ్వు తలెత్తి చూడు.

నా చెవులు ఇంకా తగ్గాయి. ఈ మెట్ల కింద కిటికీ దగ్గరికి ఏదో పిట్ట రోజూ వస్తుంది. నోరు తెరుస్తుంది, మూస్తుంది. ఏమంటుందో తెలీదు. తాడు మీంచి దింపేసి, పనులు పట్టుకురమ్మని నన్నిక్కడ కూర్చోబెట్టారు. అవతలివాడు ఫోన్‌లో ఏమన్నాడో తెలీకుండా ఏం పట్టుకొస్తాను? కాబట్టి చూసిందీ విన్నదీ అన్నీ నాకు రాయి. ఏదీ వదలకు.

బాబాయి

* * *

వెల్డింగ్ షాపు మీద గది

బాబాయికి,

నీ మీద కోపం సగం తగ్గింది. మిగతా సగం దాచి ఉంచాను, పనికొస్తుంది.

కార్లు కడిగే చోటికి పోయాను. అక్కడి మనిషి చేతిలో పైపు, నోట్లో బీడీ. "మీ కారేది?" అన్నాడు. లేదన్నాను. "మరి దేన్ని కడగను, నిన్నా?" అన్నాడు. నన్నెవరూ కడగక్కర్లేదు, మీరు రోజూ తిట్టుకునే వీధి ఏదో చెప్తే చాలన్నాను. పైపు కింద పడేశాడు. ఎన్నాళ్ళ నుంచి ఎవరైనా అడుగుతారా అని చూస్తున్నాడో! "ఆసుపత్రి పార్కింగు. లోపల జబ్బు నయం చేయించుకుని వస్తారు, బయట కారు చూసి మళ్ళీ జబ్బు పడతారు" అన్నాడు.

సాయంత్రం అక్కడికెళ్ళి నించున్నాను. ఎండ పచ్చబడే వేళకి మొదలయ్యాయి బాబాయ్. ఒకటి, తర్వాత గుంపు, తర్వాత ఆకాశమంతా. కొంగలు. చెట్లకి ఆకులు కనపడలేదు. కొమ్మ కోసం కొట్టుకునే కొట్లాట చూడాలి నువ్వు, మన ఇంట్లో బాత్రూమ్ దగ్గర పొద్దుటి పూట అచ్చం అంతే.

మురుగు తేలే చోటు ఊరికి పడమర. వాసనకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ బురదలో తీతువులు ఎంత శుభ్రంగా నడుస్తున్నాయో! నన్ను చూసి ఒకటే అరుపు. నా నోరే పెద్దదనుకున్నాను ఇన్నాళ్ళూ.

అసలుది ఇంకోటుంది. గింజల గోడౌన్ ముందు నుంచి వస్తున్నాను. హమాలీలు టీ తాగుతున్నారు, ఒక్కొక్కడూ గ్లాసు మీద అరచెయ్యి మూసుకుని, వేళ్ళ సందుల్లోంచి తాగుతున్నాడు. ఎండ లేదు, వాన లేదు. నీ మాట గుర్తొచ్చి తలెత్తాను.

వానకోవెలలు. చూరు కింద మట్టి గూళ్ళు, ఒకదాన్నొకటి ఆనుకుని, కుండలు బోర్లించినట్టు. ప్రతి గూటికీ చిన్న మూతి. లోపలికి దూరేవి దూరుతున్నాయి, వచ్చేవి వస్తున్నాయి, ఒకదానికొకటి తగలవు. మెడ పట్టేసేదాకా చూస్తూనే ఉన్నాను. ఒక హమాలీ "ఏమ్మా, ఇన్‌స్పెక్టరా?" అన్నాడు. కాదు, ఊరికే చూస్తున్నానన్నాను. "చూస్తే చూడు, నోరు తెరిచి మాత్రం చూడకు" అన్నాడు.

పిడుగు

* * *

ఆఫీసు, మెట్ల కింద బల్ల

పిడుగుకి,

నీ ఉత్తరం చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాను. హమాలీ మాటకి గట్టిగా నవ్వితే ఆఫీసంతా ఇటు తిరిగింది.

కానీ సగం సగం రాస్తే ఎలా? నాకు అన్నీ కళ్ళకి కట్టాలి. ఆసుపత్రి చెట్లు ప్రహరీ లోపలివా, రోడ్డువా? గోడౌన్‌లో గూళ్ళు ఏ వైపు చూరుకి? తలుపు మీదా, పక్కకా? నిచ్చెనకి అందుతాయా, తాడు కావాలా? అక్కడ మేనేజరంటూ ఎవరైనా ఉన్నాడా? గోడ ఇటుకా, రేకా?

త్వరగా రాయి. ఇక్కడ నాకు వేరే కాలక్షేపం లేదు.

బాబాయి

* * *

వెల్డింగ్ షాపు మీద గది

బాబాయికి,

ఒళ్ళు మండిపోతోంది. ముందు అది రాస్తాను.

ఆసుపత్రి చెట్లకి వల కప్పేశారు. మొన్న సాయంత్రం పోయేసరికి చెట్లు మూటలు కట్టిన సామానులా నించున్నాయి. కొంగలు పైన తిరుగుతున్నాయి, దిగడానికి చోటు లేక. చీకటి పడేదాకా తిరిగాయి. ఎవరు కట్టారని గేటు దగ్గర అడిగితే, మన కంపెనీయేనట, రెండో జట్టు. ముడులు చూస్తే నాకే తెలిసింది, మనవాళ్ళ ముడులే. ఊళ్ళో ఇన్ని చెట్లుంటే వాళ్ళకి సరిగ్గా అవే దొరికాయా? నీకు ముందు తెలిసుంటే ఒక్క మాట అడ్డేసేవాడివి. మెట్ల కింద కూర్చున్నవాడికి ఎవరు చెప్తారులే.

అందుకే గోడౌన్ దగ్గరికి రోజూ పోతున్నాను, పని దిగగానే. నువ్వడిగినవి: తూర్పు చూరు, మూడో తలుపు మీద మొదలై గోడ మూల దాకా. ఇటుక గోడ. నిచ్చెన చాలదు, తాడు కావాలి. మేనేజరున్నాడు, సన్నగా, ఎప్పుడూ తుమ్ముతూ ఉంటాడు. గుడ్లు పిల్లలయ్యాయి బాబాయ్! తల్లి రాగానే గూటి మూతి నిండా పసుపు నోళ్ళు. అది వెళ్ళిపోగానే ఏమీ లేనట్టు నల్లటి కన్నం.

ఇంకో సంగతి. మా మేస్త్రీ ఈ నెల నుంచి చెవి పెట్టే పని నాకిచ్చాడు. గోడ మీద పాత గూడు దులిపే ముందు సన్న గొట్టం ఆనించి వింటున్నది ఇప్పుడు నేనే. "ఖాళీ" అని నేనంటేనే కర్ర లేస్తుంది. గూట్లో గొంతు ఉంటే కర్ర దిగిపోతుంది, ఇంటి యజమాని ఎంత అరిచినా సరే. నువ్వు పెట్టిన పద్ధతే. "మీ బాబాయి చెవి తర్వాత నీదే" అన్నాడు మేస్త్రీ. ఆ రోజంతా తాడు మీద ఈల వేశాను.

పిడుగు

* * *

గోడౌన్ మెట్ల మీంచి

నా ఉత్తరాలు అమ్ముకున్నావు.

ఇవాళ పొద్దున్న మేస్త్రీ కొత్త పని కొలతలకి పద అన్నాడు. ఎక్కడికని అడగలేదు. స్కూటరు ఆగింది. దిగి చూస్తే ఇదే చూరు, ఇదే మూడో తలుపు. హమాలీలు టీ గ్లాసుల మీద చేతులు పెట్టుకుని నా వంక చూస్తున్నారు. ఊరికే చూస్తానన్నది ఇదన్నమాట అన్నట్టు.

మేనేజరు తుమ్ముకుంటూ ఎదురొచ్చాడు. కొలత టేపు చూసి, "అదెందుకమ్మా? మీ ఆఫీసు పెద్దాయన అన్నీ చెప్పేశారుగా. తూర్పు చూరు, ఇటుక గోడ, నిచ్చెన చాలదు, తాడు కావాలని కూడా రాశారు. నేను ఆశ్చర్యపోయాను, ఈయన ఎప్పుడొచ్చి చూసుకెళ్ళాడా అని" అన్నాడు.

మేస్త్రీ గర్వంగా నా భుజం తట్టాడు. "వీళ్ళ బాబాయేనండీ. కూర్చున్న చోటు నుంచే చూస్తాడు."

నువ్వు నా కళ్ళతో చూశావు. నేను తలెత్తినప్పుడు నువ్వు తలెత్తావు, అంతే కాదూ? ఆసుపత్రి చెట్లు ప్రహరీ లోపలివా అని అడిగావు. ఎందుకో ఇప్పుడు తెలిసింది, ఎవరి దగ్గరికి పోయి పని అడగాలో తెలియాలిగా! నేనేమో నీకు కళ్ళకి కట్టాలని, ఇటుకో రేకో మళ్ళీ వెనక్కి వెళ్ళి మరీ చూసి రాశాను. ఆ కొంగలు చీకటి పడేదాకా తిరిగిన సంగతి కూడా నీకే రాసి ఏడ్చాను. ఎవరు కట్టించారో వాడికే! నువ్వు చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చున్నావు.

కార్లు కడిగేవాణ్ణి అడగమన్నది నా కోసమా, నీ కోసమా? పిట్టల కోసం పంపావా, పనుల కోసం పంపావా? చెరువు లేదని నీకు ముందే తెలుసా?

శనివారం పొద్దున్న కర్ర ఎత్తాలట. గూళ్ళలో నోళ్ళున్నాయని నీకు తెలుసు. నేనే రాశాను.

* * *

ఆఫీసు, మెట్ల కింద బల్ల

తల్లీ,

చెరువు పోయిందని నిజంగా తెలీదు. ఒట్టు. నీకు చెప్పిన చోట్లు నీ కోసమే చెప్పాను. కొంగల ఉత్తరం చదివినప్పుడు నేనూ నీతో పాటు ఆ చెట్ల కింద నించున్నాను. అది అబద్ధం కాదు.

ఆ వారమే మన యజమాని ఈ బల్ల దగ్గరికొచ్చాడు. ఏదో అన్నాడు. సగం వినపడలేదు. "ఇంకెన్నాళ్ళు" అన్నది మాత్రం పెదాలు చూసి అర్థమైంది. చేతిలో నీ ఉత్తరం ఉంది. ఆసుపత్రి పేరు చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నా ఎదురుగా ఎవరైనా కూర్చుని చాలా కాలమైంది.

నాకు ఎంత వినపడదో ఆఫీసులో ఎవరికీ పూర్తిగా తెలీదు. తెలిస్తే ఈ బల్ల కూడా ఉండదు. ఇంట్లో పిన్ని, చిన్నదాని చదువు. నువ్వు పెద్దదానివి, అర్థం చేసుకోవాలి. మనం వల కట్టకపోతే ఇంకొకడు కడతాడు. కొంగలకి ఊళ్ళో వేరే చెట్లు లేవా? నువ్వు ఇన్నాళ్ళూ కట్టిన వలలు ఎవరి మీద కట్టావు?

ఇప్పుడు నీతో ఒకటే పని. మేనేజరు ఆగనంటున్నాడు, గింజల మీద రెట్ట పడుతోందని పైవాళ్ళు అతన్ని తినేస్తున్నారట. మేస్త్రీ నీ మాట లేనిదే కర్ర ఎత్తడు, వాడి మొండితనం నాకు తెలుసు, నేర్పింది నేనే. శనివారం గొట్టం పెట్టు, విను, "ఖాళీ" అను. ఒక్క మాట. చూరు కింద అంత ఎత్తున నువ్వొక్కదానివే ఉంటావు, నువ్వేం విన్నావో ఎవరికీ తెలీదు.

కోపం తగ్గాక నాకు మళ్ళీ ఎప్పటిలా రాయి.

బాబాయి

* * *

గోడౌన్, మూడో తలుపు

గూట్లో గొంతు ఉండగా "ఖాళీ" అనమన్నావు. అదీ నువ్వు, అదీ నాకు.

నీ చెవులు పోయినందుకు నాకు కోపం లేదు. నా చెవులు కూడా అడుగుతున్నావు, అందుకు కోపం.

నేను కట్టిన వలలు ఎవరి మీదని అడిగావుగా. పిట్టల మీదే. దాచుకోను. ఖాళీ కిటికీకి కట్టాను, ఖాళీ చూరుకి కట్టాను, పావురం లేచిపోయాక కట్టాను. గొంతు విని ఏనాడూ కట్టలేదు. ఆ ఒక్క గీత ఉంది కాబట్టే ఆదివారం బైనాక్యులర్ పట్టుకుని వాటి ముందుకి వెళ్ళగలిగాను. ఆ గీత గీసింది నువ్వు. నీ పనికి అడ్డొచ్చిందని ఇప్పుడు చెరిపెయ్యమంటున్నావు, అదీ నా చేత్తో. ఎవరికీ తెలీదంటావా? వింటున్నది నేనైతే ఎవరికీ తెలీకపోవడమేంటి?

నీ ఉత్తరం చదివి ఊరుకోలేదు. మేనేజరు గదికి పోయాను. "మీ బాబాయి గారు చేస్తామంటే సరేనన్నాం, ఏదైనా ఆయనతోనే మాట్లాడుకుంటాం, మధ్యలో నువ్వెవరమ్మా?" అన్నాడు. చెవి పెట్టేదాన్ని అన్నాను. అర్థం కాలేదు. చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, పై కిటికీలోంచి మూల గూటికి గొట్టం ఆనించి, దాని కొస చెవిలో పెట్టాను. తుమ్ము ఆపుకున్నాడు. ముక్కు పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఆపుకున్నాడు, అవి జడుసుకుంటాయని. కిందికి దిగి అప్పుడు తుమ్మాడు. "లోపల సంత జరుగుతోందేంటమ్మా!" అన్నాడు. తర్వాత తలుపు వేసి మెల్లిగా చెప్పాడు, తనంతట తాను ఆపలేడట, పైవాళ్ళు ఒప్పుకోరు. పని ఒప్పుకున్న కంపెనీయే కాగితం మీద రాసిస్తే, పిల్లలు ఎగిరేదాకా పని వాయిదా అని, దాన్ని చూపించి ఆగుతానన్నాడు. అంతవరకు గింజల మీద రెట్ట పడకుండా గూళ్ళ కింద టార్పాలిన్ కట్టిస్తామని కూడా అందులో ఉండాలట. టార్పాలిన్ మేము ఇవాళే కట్టేశాం. హమాలీలే తాళ్ళు లాగారు. నన్ను ఇన్‌స్పెక్టరన్న మనిషి గ్లాసు మీంచి చెయ్యి తీసేసి, అందరికీ చూపించి మరీ టీ తాగాడు.

మేస్త్రీకి నీ ఉత్తరం చూపించలేదు. ఎందుకో నాకే తెలీదు. నీ మీద జాలి అనుకోకు. నీ చెవుల సంగతి ఆఫీసులో నేను చెప్పను. అది నువ్వు చెప్పుకోవాల్సింది. బల్ల పోతే పోయిందని నేననను, పిన్నీ చిన్నదీ నాకూ కావాలి, నా జీతం ఎక్కడికి పోతుంది? కానీ మీ అందరి కూడు ఆ గూళ్ళలో ఉందని నాకు చెప్పకు. నీకు ఇంకోదారి వెతికే ఓపిక లేకపోయింది, నా ఉత్తరం చేతికి దగ్గరగా ఉంది. అంతే జరిగింది.

పైగా ఎప్పటిలా రాయమంటావు! ఏం రాయను? ఇవాళ మురుగు కాలవ దగ్గర ఇంకేదో కొత్త పిట్ట కనిపించింది. తోక ఎలా ఉందో, ఎక్కడ వాలిందో, ఏమని అరిచిందో నీకు చెప్పను. మొదటిసారి నేను చూసిన పిట్ట నీకు తెలీకుండా ఉంది. ఈ కోపమంతా దాని వల్లే వస్తోందేమో కూడా.

వాయిదా కాగితం నువ్వే రాయి. నీ అక్షరాల్లో, కంపెనీ ముద్రతో, యజమాని సంతకంతో. ఆయన్ని ఎలా ఒప్పిస్తావో నాకనవసరం, పని పట్టుకొచ్చినవాడివి పని ఆపడం కూడా నీకు చేతనవ్వాలి. కాగితం పంపలేకపోతే నువ్వే వ్యానెక్కి రా. నిన్ను తాడు మీద చూరు దాకా నేనే ఎక్కిస్తాను. గొట్టం అక్కర్లేదు, ఒక గూటి మీద అరచెయ్యి పెట్టు, లోపల కదిలేది చేతికి తెలుస్తుంది. పెట్టి, ఈ హమాలీలందరి ముందూ, మేస్త్రీ ముందూ, "ఖాళీ" అని నువ్వే అను. నువ్వంటే కర్ర నేనెత్తుతాను. నా నోటితో మాత్రం ఆ మాట రాదు.

వలలూ కర్రలూ శుక్రవారం వ్యానులో దిగుతున్నాయని డ్రైవరు చెప్పాడు. కాగితమో నువ్వో, అదే వ్యానులో దిగాలి. శుక్రవారం. ఆ తర్వాత వచ్చే ఉత్తరం నేను విప్పను.